సభ్యురాలికి లెక్క చెప్పే చదువు

(సహకార సంఘాలు, సామాజిక సంస్థల నిర్వహణలో పీజీ విద్య గురించి తిరుపతిలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, పరీక్షలు దగ్గరపడినా వచ్చి కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మీలో కొందరు ముందే ఒక ప్రశ్న రాసి పంపారు. మామూలు ఎంబీఏ ఉండగా సహకార సంఘాల నిర్వహణకు వేరే పీజీ ఎందుకు, కొనడం, అమ్మడం, జీతాలివ్వడం, లెక్కలు రాయడం ఎక్కడైనా ఒకటే కదా అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. నేనూ ఈ ఊళ్లోనే ఎం.కాం. చదివి, ఆ చదువు చాలుననే నమ్మకంతో పాల సంఘాల పనిలోకి వెళ్లినవాణ్ణి. అది ఎందుకు చాలలేదో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పుడు నేను పలమనేరు వైపు కొన్ని ఊళ్ల పాల కేంద్రాలకు సూపర్‌వైజర్‌ని. పాత టెస్టర్లు పోయి కొత్త ఎనలైజర్ యంత్రాలు వస్తున్న రోజులు. కొత్త యంత్రం పాలలోని వెన్న శాతాన్ని రెండు దశాంశ స్థానాల దాకా చూపించేది. మా ధరల పట్టికలో మాత్రం ఒక్క దశాంశమే ఉండేది. అందువల్ల యంత్రం 3.48 చూపిస్తే కార్యదర్శి చీటీ మీద 3.4 అని రాసేవాడు. పై ఆఫీసు ఆదేశం అదే. ఒకనాటి పొద్దున, చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే, ఒక ఆమె యంత్రం మీది ఎర్రంకెలను చూసి, చేతిలోని చీటీని ఆ వెలుగుకు పట్టుకుని చూసి, "ఏం నాయనా, ఆడ ఒగటి చూపిస్తా ఉండాది, ఈడ ఒగటి రాసినారు, మిగిలింది యాడికి పోతాది?" అని నన్ను అడిగింది. "అది చిన్న తేడా అమ్మా, రూలు అంతే" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఖాళీ క్యాను కడిగించుకుని వెళ్లిపోయింది. నెల తిరిగేసరికి ఆ కేంద్రంలో పాలు పోసేవాళ్లలో మూడో వంతు మంది ప్రైవేటు వ్యాను దగ్గరికి మారిపోయారు.

ఆమె అడిగిన లెక్కను నేను ఆ తరువాత కూర్చుని వేశాను. రెండో అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా కావచ్చు కాబట్టి, దాన్ని వదిలేస్తే సగటున 0.045 శాతం పోతుంది. రోజుకు 1,000 లీటర్లు వచ్చే కేంద్రంలో పాల బరువు సుమారు 1,030 కిలోలు. అందులో 0.045 శాతమంటే అర కిలోకు కాస్త తక్కువ. ఏడాదికి లెక్కిస్తే దాదాపు 170 కిలోల వెన్న. ఇది ఒక్క కేంద్రం సంగతి. ఆ వెన్నను ఎవరూ దొంగిలించలేదు. అది పైన శీతలీకరణ కేంద్రంలో, డెయిరీలో వెన్న ఖాతాలో మిగులుగా తేలేది. ఆ మిగులు బాగా చూపించిన పాల సేకరణ మార్గాల సూపర్‌వైజర్లను మెచ్చుకునేవారు. నన్నూ మెచ్చుకున్నారు.

ఇక్కడే నా ఎం.కాం. చదువు ఆగిపోయింది. ప్రైవేటు డెయిరీలో పాలు పోసే రైతు సరుకు తెచ్చే మనిషి. ఆయనకు ఇచ్చే ధర ఆ డెయిరీకి ఖర్చు. చట్టానికి లోబడి ఆ ఖర్చు ఎంత తగ్గిస్తే యజమానికి అంత లాభం. ఆ లెక్క అక్కడ సరైనదే. సహకార సంఘంలోనో, పాలు పోసేదీ ఆమే, వాటాధనం కట్టిన యజమానీ ఆమే, ఓటు వేసి పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ ఆమే. ఆమెకు తక్కువ ఇచ్చి సంఘానికి మిగిల్చానని నేను సంతోషిస్తే, ఆమె కుడిచేతి నుంచి తీసి ఎడమచేతిలో పెట్టినట్టు. పెట్టానని ఆమెకు చెప్పకపోతే తీసినట్టే. సహకార సంఘంలో మిగులు అనేది సభ్యులకు ఇంకా తిరిగి చెల్లించని ధర. ఈ ఒక్క వాక్యాన్ని జమాఖర్చుల పట్టీలోకి, ధరల పట్టికలోకి, సభ్యులందరూ కూర్చునే మహాజన సభలోకి ఎలా తీసుకురావాలో నేర్పడానికే ప్రత్యేకమైన చదువు కావాలని నేను నమ్ముతున్నాను. ఆ కేంద్రంలో రెండో దశాంశం రాయించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అన్ని నెలలూ నేను పై ఆఫీసుకు రాసింది ఒక్క విషయమే: ఈ మిగులు మనది కాదు, వాళ్లది, పంచితే పంచామని చెప్పాలి, ఉంచితే ఉంచామని చెప్పాలి.

మిగులును పంచే పద్ధతి చూడండి. ఒక గ్రామ సంఘం ఏడాదిలో 2,00,000 లీటర్లు సేకరించిందని, చట్టం ప్రకారం నిల్వ నిధికి, ఇతర నిధులకు తీసిన తరువాత లక్ష రూపాయలు మిగిలిందని అనుకుందాం. కంపెనీ అయితే వాటాల లెక్కన పంచుతుంది. సహకార సంఘం ప్రధానంగా వాడుక లెక్కన, అంటే పోసిన పాల లెక్కన పంచుతుంది. లీటరుకు 50 పైసలు. ఒకే ఒక్క వాటా ఉన్నా 2,000 లీటర్లు పోసిన సభ్యురాలికి 1,000 రూపాయల బోనసు వస్తుంది. పది వాటాలున్నా 500 లీటర్లే పోసిన ఆసామికి 250 రూపాయలు వస్తాయి. వాటాధనం మీద లాభాంశానికి పరిమితి ఉంటుంది. ఓటు మాత్రం ఇద్దరికీ ఒక్కొక్కటే.

చెప్పినంత తేలిక కాదు ఇది నడపడం. ఆ లక్ష రూపాయలను పంచకుండా ఉంచి, మరికొంత అప్పు చేసి బల్క్ కూలర్ కొంటే పాలు విరగవు, రెండు మూడేళ్లలో లీటరుకు ఇంకా ఎక్కువే దక్కవచ్చు. అయితే ఇద్దరు కొడుకులూ బెంగళూరులో స్థిరపడి, వచ్చే ఏడాది ఆవులను అమ్మేయాలనుకుంటున్న పెద్దాయనకు ఆ కూలర్‌తో పనిలేదు. ఆయనకు బోనసు ఇప్పుడే కావాలి. కొత్తగా నాలుగు సంకరజాతి ఆవులు కొన్న కోడలికి కూలరే కావాలి. ఇద్దరూ యజమానులే, ఇద్దరి మాటా న్యాయమే. వాటాను బజారులో అమ్ముకునే వీలు లేదు కాబట్టి పెద్దాయన తాను కూడబెట్టిన సంపదను వెంట తీసుకుపోలేడు. ఈ చిక్కుకు పాఠ్యపుస్తకంలో ఒక్క జవాబు లేదు. సభ్యుల పేరిట నిధిని విడిగా నమోదు చేసి వెళ్లేటప్పుడు తిరిగివ్వడం ఒక దారి, కొంత పంచి కొంత ఉంచడం మరో దారి. ఏ దారి పట్టినా ఆ నిర్ణయం మహాజన సభలో, ఇద్దరూ విన్న తరువాత జరగాలి. సభను అలా నడపడం ఒక విద్య. ఎంబీఏలో దాన్ని చెప్పరు.

ఈ విద్య అవసరం మొదటినుంచీ గుర్తించారు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది, నేతపనివాళ్లు, ఇతర పనివాళ్లు కలిసి, తలా ఒక పౌండు వేసుకుని చిన్న దుకాణం తెరిచారు. తరువాతి ఏళ్లలో వాళ్లు తమ మిగులులో రెండున్నర శాతాన్ని సభ్యుల విద్యకు కేటాయించాలని నియమం పెట్టుకున్నారు. దుకాణంతోపాటు గ్రంథాలయం పెట్టారు. ఆ ఆలోచన మన దేశపు చట్టాల్లోనూ నిలిచింది. బహుళ రాష్ట్ర సహకార సంఘాలు నేటికీ తమ నికర లాభంలో ఒక శాతాన్ని సహకార విద్యా నిధికి ఇవ్వాలి.

మన ప్రాంతానికి ఈ కథతో ఉన్న సంబంధం ఇంకా దగ్గరిది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడకముందు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ మద్రాసు ప్రభుత్వం కోసమే ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఐరోపా తిరిగి వచ్చి, రైతుల అప్పుల బాధకు మార్గం వెదుకుతూ 1895లో నివేదిక ఇచ్చాడు. జర్మనీలో గ్రామ పరపతి సంఘాలను, అంటే అప్పులిచ్చే సహకార సంఘాలను, నిలబెట్టిన రైఫైజన్ పేరు తలచి, తన నివేదిక సారమంతా "రైఫైజన్‌ను కనుక్కోండి" అన్న మాటల్లో చెప్పాడు. అంటే చట్టం కన్నా ముందు ఊళ్లో నమ్మకంగా నిలబడే మనిషి కావాలని ఆయన అన్నాడు. 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది, మనుషుల సంగతి వెనకబడింది. అలాంటి మనిషి దొరికేదాకా కూర్చోవాలా, చదువుతో తయారుచేయవచ్చా అన్నదే ఈ పీజీ చదువుల మూలప్రశ్న. మన దేశంలో దానికి ధైర్యంగా జవాబు చెప్పినవాడు వర్గీస్ కురియన్. మనం అమూల్ అని పిలిచే, గుజరాత్ రాష్ట్రపు కైరా జిల్లా పాల సంఘం 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన పుట్టింది. రైతులు యజమానులుగా ఉండి, వృత్తి నిపుణులు వాళ్ల దగ్గర ఉద్యోగులుగా పనిచేసే పద్ధతి అక్కడ బలపడింది. అలాంటి నిపుణులను తయారుచేయడానికి 1979లో ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ నిర్వహణ విద్యా సంస్థను స్థాపించారు. అక్కడి విద్యార్థులు తరగతి గది వదిలి వారాల తరబడి పల్లెల్లో ఉండటం మొదటినుంచీ చదువులో భాగం. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ సంస్థే త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మారింది. 2021లో కేంద్రంలో సహకార మంత్రిత్వ శాఖ విడిగా ఏర్పడిన తరువాత ఈ రంగంలో వచ్చిన మార్పుల్లో విద్యకు సంబంధించినంతవరకు ఇది పెద్దది. పుణెలో 1967 నుంచి ఉన్న వైకుంఠ్ మెహతా సహకార నిర్వహణ సంస్థను, హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్‌ను, సామాజిక వ్యాపారంలో పీజీ నడిపే ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌ను మీరు వివరాల కోసం చూడవచ్చు.

విదేశాల్లో ఉన్నవాటిలో రెండింటి గురించే చెబుతాను. కెనడాలో హాలిఫాక్స్‌లోని సెయింట్ మేరీస్ విశ్వవిద్యాలయం సహకార సంఘాలు, క్రెడిట్ యూనియన్ల (సభ్యులే నడుపుకునే పొదుపు, అప్పు సంఘాల) నిర్వహణలో మాస్టర్స్ కోర్సు నడుపుతోంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లే దూరం నుంచి చదువుతూ, మధ్యలో వెళ్లి పనిచేస్తున్న సహకార సంఘాలను చూసి వస్తారు. రెండోది స్పెయిన్‌లోని మోండ్రాగన్. అక్కడ అరిస్మెండియారియెటా అనే క్రైస్తవ గురువు 1943లో ముందు ఒక వృత్తి విద్యా పాఠశాల పెట్టాడు. ఆ బడిలో చదివినవాళ్లు 1956లో, కార్మికులే యజమానులైన సంఘాల్లో మొదటిదిగా, ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ముందు బడి, పదమూడేళ్ల తరువాత సంఘం. ఈ వరస నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. మన దగ్గర ఎక్కువగా అలా జరగదు. సంఘం ముందు రిజిస్టరు చేసి, శిక్షణ తరువాత చూద్దామంటాం. మోండ్రాగన్‌లో నష్టాలు లేవని చెప్పను. వాళ్ల పెద్ద సంఘాల్లో ఒకటైన గృహోపకరణాల ఫ్యాగోర్ 2013లో దివాలా తీసింది. అక్కడి కార్మికుల్లో చాలామందిని తోటి సహకార సంఘాలు పనిలోకి తీసుకున్నాయి. ఒకటి పడిపోతే మిగతావి ఎంత మోయగలవు, ఎక్కడ ఆపాలి అన్నది మీరు చదవవలసిన పాఠం.

ఇప్పుడు చట్టం దగ్గరకు వస్తాను. ఇక్కడ కాస్త నిదానంగా వినాలని కోరుతున్నాను, ఎందుకంటే మన రాష్ట్రంలో సహకార సంస్థ మేనేజరుకు చట్టం తెలియకపోతే ఒక్క అడుగూ పడదు. పైగా ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికే పాఠశాల.

మన సహకార సంఘాల చట్టం 1964 నాటిది. దాని కింద సహకార శాఖ రిజిస్ట్రారుకు, ప్రభుత్వానికి ఉన్న అధికారాలు విస్తృతమైనవి. పాలకవర్గాన్ని తప్పించి పర్సన్ ఇన్‌ఛార్జిని నియమించవచ్చు, ప్రభుత్వమే వాటాదారుగా ఉండవచ్చు. సభ్యుల డబ్బును కాపాడటానికే ఆ అధికారాలు ఇచ్చారు. కాలక్రమంలో పల్లెల్లో సహకార సంఘాన్ని సర్కారు ఆఫీసుగా చూసే అలవాటు కూడా దానితోనే వచ్చింది. "సొసైటీ వాళ్లు" అంటారు గాని "మా సొసైటీ" అని ఎవరూ అనరు. దీనికి మందుగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మనం మ్యాక్స్ చట్టమని పిలిచేది అదే. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా, సభ్యుల డబ్బుతోనే, తమ ఉపనియమాలు తామే రాసుకుని, తమ ఎన్నికలు తామే జరుపుకునే సంఘాలకు ఆ చట్టం చోటిచ్చింది. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనది. కర్ణాటక 1997లో సౌహార్ద చట్టంతో ఆ దారిన నడిచింది, మరికొన్ని రాష్ట్రాలూ నడిచాయి. మన పొదుపు సంఘాల మండల సమాఖ్యలు ఎన్నో ఆ చట్టం కిందే రిజిస్టరయ్యాయి.

కొన్ని జిల్లాల పాల సంఘాలు 1964 చట్టం నుంచి మ్యాక్స్ చట్టం కిందికి మారాయి. 2006లో ప్రభుత్వం చట్టాన్ని సవరించి వాటిని తిరిగి పాత చట్టం కిందికి తెచ్చింది. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. ఒక చట్టాన్ని నమ్మి, ఒక స్వరూపాన్ని ఎంచుకుని కలిసిన సభ్యులను వాళ్ల ఇష్టంతో నిమిత్తం లేకుండా మరో స్వరూపంలోకి నెట్టడం సంఘంగా ఏర్పడే స్వేచ్ఛకు విరుద్ధమని ఆ తీర్పు సారం. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల అధికరణంలో చేర్చింది. ఆ సవరణలో రాష్ట్రాల సంఘాలకు సంబంధించిన భాగం 2021లో సుప్రీంకోర్టులో నిలవలేదు, ఎందుకంటే సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని విషయం, శాసనసభల ఆమోదం తీసుకోలేదు. ఈ తీర్పులను లా విద్యార్థులు చదువుతారు. పాల సంఘం మేనేజరు కాబోయేవారు కూడా వీటిని పూర్తి పాఠంతో చదవాలి. వేల కుటుంబాల ఆస్తి ఎవరిదన్న ప్రశ్న వాటిలో ఉంది.

మూడో దారి కంపెనీల చట్టంలో ఉంది. 2002 సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీ అనే కొత్త రూపం వచ్చింది. బయటివాళ్లు వాటాలు కొనలేరు, ఉత్పత్తిదారులే సభ్యులు, వ్యక్తులే సభ్యులైన చోట ఎవరికైనా ఒకే ఓటు, మిగులును వాడుక లెక్కన పంచవచ్చు. అయితే రిజిస్ట్రారు సహకార శాఖవాడు కాడు, కంపెనీలవాడు. దీనికి పెద్ద ఉదాహరణ మీ ఊళ్లోనే ఉంది. 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే. సభ్యులందరూ మహిళలే. ఆవు భర్త పేరున, పాస్‌బుక్కు మామ పేరున ఉండే పల్లెల్లో వాటాపత్రం ఆమె పేరున రావడం ఎంత పెద్ద మార్పో మీ ఇళ్లలో అడిగితే తెలుస్తుంది. ఇలాంటి కంపెనీలో సభ్యత్వం నిలబడాలంటే ఏడాదిలో నిర్ణీత రోజులు, నిర్ణీత పరిమాణంలో పాలు పోయాలనే నియమం ఉంటుంది. పాలు పోయనివాళ్లు ఓటుతో సంఘాన్ని నడిపే పాత రోగానికి అది మందు. ఎండాకాలంలో ఆవు ఒట్టిపోయిన పేద సభ్యురాలికి అదే నియమం గండం కూడా కావచ్చు. ఒక నియమానికి ఈ రెండు ముఖాలూ చూడగలగడం పీజీ స్థాయిలో మీ నుంచి ఆశించే ఆలోచన.

మన జిల్లాల్లో పాలు ఇంతగా కలిపిన మనుషులను మామిడి ఎందుకు కలపలేదని నన్ను చాలామంది అడుగుతారు. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని, 4 తాను కలుపుతానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన దృశ్యం మీరూ చూసే ఉంటారు. మామిడి తోటలున్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఈ సభలో ఎంతోమంది ఉంటారు కాబట్టి ఈ సంగతి కొంచెం విడమరిచి చెబుతాను. పాలు రోజుకు రెండుపూటలా వస్తాయి, డబ్బు పదిరోజులకో పదిహేను రోజులకో వస్తుంది. అంటే సభ్యురాలు సంఘాన్ని ఏడాదిలో 700 సార్లు పరీక్షిస్తుంది. నమ్మకం రోజుకు కాస్త చొప్పున పెరుగుతుంది. మామిడి ఏడాదికి ఒక్కసారి, కొన్ని వారాల్లో, అంతా ఒకేసారి వస్తుంది. దామలచెరువు మండీలో నాలుగు రూపాయలు ఎక్కువ పలికితే రైతు సంఘాన్ని వదిలి అటు పోతాడు, ఎందుకంటే ఆ నెల డబ్బుతోనే ఏడాదంతా గడవాలి. పూతకు ముందే అప్పిచ్చిన వ్యాపారికి కాయ ఇస్తానని మాట ఇచ్చేసిన రైతులూ ఉంటారు. గుజ్జు తీసే యంత్రాలకు భారీ పెట్టుబడి కావాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు అవి ఖాళీగా ఉంటాయి, తీసిన గుజ్జు అమ్ముడై డబ్బు రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా రైతుకు ఇవ్వడానికి నిర్వహణ పెట్టుబడి ఎవరు పెడతారు? కాబట్టి పాల సంఘం నమూనాను తెచ్చి మామిడి మీద అతికిస్తే నిలవదు. మహారాష్ట్రలో ద్రాక్ష రైతుల సంఘాలు 1991లో మహాగ్రేప్స్ పేరిట కలిసి, ఎగుమతికి నాణ్యత, శీతలీకరణ చూసుకుంటూ అమ్మకం వరకే ఒకటయ్యాయి. తోతాపురికి ఏ మేరకు కలవాలి, సాగు దగ్గరా, అమ్మకం దగ్గరా, అప్పు దగ్గరా అన్నదాని మీద ఒక మంచి పీజీ పరిశోధన ఇంతవరకు నా కంట పడలేదు. మీలో ఒకరు చేస్తే నా దగ్గరున్న నోట్సు అంతా ఇస్తాను.

సామాజిక సంస్థల మాట కూడా చెప్పాలి. సమాజానికి మేలు చేయడం కోసం నడిచే ఈ సంస్థలు ట్రస్టుగానో, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, కంపెనీల చట్టంలోని ఎనిమిదో సెక్షను కింద లాభం పంచని కంపెనీగానో, మామూలు కంపెనీగానో ఉండవచ్చు. మదురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి వీటిలో ప్రపంచమంతా చదివే ఉదాహరణ. ఆ ఆసుపత్రి ఇప్పుడు తిరుపతిలోనూ ఉంది. డబ్బు కట్టగలవాళ్లు కట్టిన దానితో కట్టలేనివాళ్లకు ఉచితంగా ఆపరేషను చేయడం దాని పద్ధతి. కంటిలో పెట్టే లెన్సుల ధర అడ్డంకి అయినప్పుడు 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసుకున్నారు. వైద్యులు రెండు వైపులా మారి మారి పనిచేస్తారు కాబట్టి ఉచిత రోగికి నాసిరకం వైద్యం అందదు. సహకార సంఘానికీ దీనికీ ఉన్న తేడా గమనించండి. పాల కేంద్రంలో చీటీ పట్టుకుని అడిగిన ఆమె నన్ను నిలదీయగలిగింది, సభలో ఓటు వేయగలదు. ఆసుపత్రిలో రోగికి ఓటు లేదు. ఓటు లేని మనిషికి సంస్థ ఎలా జవాబుదారీ అవుతుందో పద్ధతులు, లెక్కలు, ఫలితాల ప్రకటన ద్వారా ముందే కట్టుదిట్టం చేయాలి.

అది చేయకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం 2010లో చూసింది. పేద మహిళల పేరు చెప్పి, మహిళల గ్రూపుల మీదే నిలబడి, బయటి పెట్టుబడితో సూక్ష్మరుణ సంస్థలు వేగంగా పెరిగాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు చోట్ల అప్పులు పుట్టాయి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఆ గ్రూపుల్లోని మహిళలను కాగితాల మీద సభ్యులనే పిలిచారు. ఆ సభ్యత్వానికి ఓటు లేదు, వాటా లేదు, వడ్డీ రేటు గురించి అడిగే సభ లేదు. మాట సహకారానిది, లెక్క మరొకరిది. ఈ మధ్య షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ, ఇలాంటి సంస్థలు నిధులు సేకరించుకునే వేదిక అయిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజికి నియమాలు ఏర్పరచింది, సామాజిక సంస్థలకు కొత్త నిధులు వస్తాయి. మంచిదే. నిధులిచ్చేవాడికి నివేదిక రాయడం మీకు అందరూ నేర్పుతారు. సేవ పొందే మనిషికి అదే నివేదికను చదివి వినిపించడం ఎవరు నేర్పుతారో చూసి కోర్సు ఎంచుకోండి.

చివరిగా ఈ ఊరి సంగతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఇక్కడున్నాయి. వ్యవసాయ కళాశాల ఉంది, డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. కామర్స్ చదివినవాళ్లకు పాలలో వెన్న ఎలా కొలుస్తారో తెలియదు, డెయిరీ టెక్నాలజీ చదివినవాళ్లకు మ్యాక్స్ చట్టం తెలియదు, లా చదివినవాళ్లకు ధరల పట్టిక తెలియదు. ఈ ముగ్గురూ ఒకే రోడ్డు మీద బస్సెక్కుతారు. వీళ్లను ఒక తరగతిలో కూర్చోబెట్టే పీజీ కోర్సు తిరుపతిలో ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. దానికి పాఠాలు ఆనంద్ నుంచి, మోండ్రాగన్ నుంచి తెచ్చుకుందాం, తప్పులేదు. దానితోపాటు 2002లో మూతపడిన చిత్తూరు సహకార డెయిరీ మీద, గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర కర్మాగారాల మీద మన విద్యార్థులే పాత ఆడిట్ నివేదికలు, మహాజన సభల తీర్మానాలు తిరగేసి పాఠాలు రాయాలి. వాటి గురించి రాజకీయ సభల్లో ఎన్నో మాటలు విన్నాం. పాలు పోసినవాళ్లు, చెరకు తోలినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. చాలామందికి వయసు మీదపడింది. వాళ్లు చెప్పేది ఇప్పుడే రాసుకోకపోతే తరువాత కాగితాలే మిగులుతాయి.

ఈ నెలాఖరులో నాతో ఒక పాల కేంద్రానికి రాదలచినవాళ్లు పేర్లు ఇవ్వండి, పదిమంది చాలు. తెల్లవారి 5:30 కల్లా అక్కడ ఉండాలి. ధరల పట్టిక, కాలిక్యులేటరు, నోటుపుస్తకం తెచ్చుకోండి. ఒక్కొక్కరు ముగ్గురు సభ్యుల పదిరోజుల చీటీలు తీసుకుని, లీటర్లు, వెన్న, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాలు) చూసి వాళ్లకు రావలసిన డబ్బు మీరే కట్టి, రిజిస్టరులోని దానితో సరిచూడాలి. తేడా వచ్చినా రాకపోయినా, ఆ లెక్కను ఆ సభ్యురాలి ఎదుటే, ఆమెకు తెలిసిన మాటల్లో, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా చదివి వినిపించాలి. ఆమె అడిగిన ప్రశ్నలు ఆమె మాటల్లోనే రాసుకుని రండి. వచ్చే తరగతి వాటితో మొదలుపెడదాం.